ప్రమాదానికి గురైన నిస్సాన్ లీఫ్ విద్యుత్ కారు భాగాలతో సుజుకీ సియెర్రా విద్యుత్ మార్పిడి: ఒక కేస్ స్టడీ

మారుతి జిప్సీని చూడని తెలుగువాళ్లు తక్కువ. పోలీసులు, సైన్యం దశాబ్దాల పాటు దాన్ని వాడారు. దాని తోబుట్టువు సుజుకీ ఎస్‌జే413 న్యూజిలాండ్‌లో సియెర్రా పేరుతో తిరిగింది. 1324 సీసీ పెట్రోలు ఇంజిన్, అయిదు గేర్లు, ల్యాడర్ ఫ్రేమ్ చాసిస్, నాలుగు చక్రాలకూ లీఫ్ స్ప్రింగులు. నేను ఇక్కడ వాహనాల విద్యుత్ పనులు చేసే వర్క్‌షాపు నడుపుతున్నాను. బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతంలో కివీపండ్ల తోట చూసుకునే ఒక తెలుగు పెద్దాయన తన 1988 నాటి సియెర్రాను విద్యుత్తుకు మార్చమని తెచ్చారు. ఇంజిన్ నూనె తాగుతోంది, నీలం పొగ వదులుతోంది. బాడీ, చాసిస్ మాత్రం తుప్పు లేకుండా ఉన్నాయి. రోజూ ఆయన తిరిగేది 50 కిలోమీటర్ల లోపే. అందులో కొంత తోటలోని కొండ దారి, మిగతాది తారు రోడ్డు.

కొత్త భాగాలతో ఈ పని చేస్తే బండి విలువకు అనేక రెట్లు ఖర్చవుతుంది. పాత భాగాలతో చేస్తే గిట్టుబాటవుతుంది. అయితే పాత భాగాలతో పని అనగానే చాలామంది మోటారు ఒక చోట, బ్యాటరీ ఒక చోట, ఛార్జర్ ఇంకో చోట కొని చేతులు కాల్చుకుంటారు. నా అభిప్రాయం గట్టిది: భాగాలు కొనవద్దు, కారు మొత్తం కొనండి. ఒకే కారులో పుట్టిన మోటారు, ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీని మోటారుకు ఏసీగా మార్చే పెట్టె), బ్యాటరీ, ఛార్జర్ ఒకదాని సంకేతాలు ఒకదానికి తెలిసినవి. వాటి కనెక్టర్లు, నారింజ రంగు కేబుళ్లు, బ్రాకెట్లు, రబ్బరు సీళ్లు అన్నీ ఆ కారులోనే ఉంటాయి. విడిగా కొన్నవాళ్లు ఒక్క కనెక్టర్ కోసం నెలలు వెతకడం నేను చూశాను.

ఏ కారును కొన్నాము

న్యూజిలాండ్‌లో జపాన్ నుంచి దిగుమతి అయిన పాత నిస్సాన్ లీఫ్‌లు వేలల్లో ఉన్నాయి కాబట్టి ప్రమాదాల్లో దెబ్బతిన్నవీ దొరుకుతూనే ఉంటాయి. మేము కొన్నది 2014 నాటి 24 కిలోవాట్ అవర్ల లీఫ్. వెనక నుంచి లారీ గుద్దింది. ఇది ముఖ్యం. లీఫ్‌లో మోటారు, ఇన్వర్టర్ ముందు బానెట్ కింద ఉంటాయి, బ్యాటరీ సీట్ల కింద నేలలో ఉంటుంది. ముందు నుంచి గుద్దుకున్న బండిలో ఇన్వర్టర్ పెట్టెకు, కూలెంట్ గొట్టాలకు దెబ్బ తగిలి ఉండవచ్చు. పక్క నుంచి తగిలితే బ్యాటరీ పెట్టె సొట్టపడి ఉండవచ్చు. వెనక దెబ్బ మరీ లోపలికి రాకపోతే మనకు కావలసినవన్నీ క్షేమంగా మిగులుతాయి. నీట మునిగిన బండి అయితే ఎంత చవకగా వచ్చినా నేను ముట్టను.

2013 తర్వాతి లీఫ్‌ను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. మొదట వచ్చిన బండ్లలో ఛార్జర్ వెనక ఎక్కడో ఉండేది. ఆ తర్వాత మోటారు మీద ఇన్వర్టర్, దాని మీద ఛార్జర్, డీసీ కన్వర్టర్, జంక్షన్ బాక్స్ కలిసిన పెట్టె ఒకదానిపై ఒకటి పేర్చారు. ఆ పై పెట్టెనే పీడీఎం అంటారు. మార్పిడి చేసేవాడికి ఇంతకన్నా అనుకూలమైన కూర్పు దొరకదు.

కొనే ముందు యార్డులోనే డయాగ్నస్టిక్ పోర్టుకు చిన్న బ్లూటూత్ పరికరం తగిలించి లీఫ్‌స్పై అనే ఫోను యాప్‌లో బ్యాటరీని చదివాము. డాష్‌బోర్డు మీద 12 గీతలకు 9 మిగిలాయి. యాప్ ప్రకారం మిగిలిన సామర్థ్యం దాదాపు 70 శాతం. కొత్తప్పుడు 66 ఆంపియర్ అవర్లు ఉండే ప్యాకు ఇప్పుడు 46 దగ్గర ఉందన్న మాట. అంటే సుమారు 16 కిలోవాట్ అవర్లు. అందులో కింది అంచును వదిలేస్తే నిజంగా వాడుకునేది 14 నుంచి 15. గీతల సంఖ్య కన్నా ఎక్కువగా నేను చూసేది 96 సెల్ జతల వోల్టేజీల మధ్య తేడాను. హీటర్ పూర్తిగా ఆన్ చేసి చూస్తే రెండు జతలు మిగతావాటి కన్నా కొద్దిగా కిందికి జారాయి. రెండూ ఒకే మాడ్యూల్‌లోవి. ఒక మాడ్యూల్ మార్చడం పెద్ద పని కాదు కాబట్టి బండి కొన్నాము. పని అయ్యాక దాని తలుపులు, చక్రాలు, సీట్లు, లైట్లు అమ్మగా పెట్టిన డబ్బులో మంచి భాగమే తిరిగి వచ్చింది. బండి మొత్తం కొనడంలో ఈ లాభం కూడా ఉంది.

గేరుబాక్సు అక్కర లేదని లెక్క చెప్పింది

ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం స్పానర్ పట్టకముందే కాగితం మీద జరిగింది.

సియెర్రాలో గేరుబాక్సు, ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ వేర్వేరు పెట్టెలు. మధ్యలో చిన్న ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. జిప్సీ కింద పడుకుని పనిచేసిన మెకానిక్‌లకు ఇది తెలుసు. కనుక గేరుబాక్సు తీసేసి మోటారును నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్‌కు కలపవచ్చు. సాధారణంగా అందరూ చేసేది గేరుబాక్సు ఉంచి, మోటారుకు అడాప్టర్ పలక చేయించి, క్లచ్ ఉంచడమో తీయడమో. అది అవసరమా కాదా అన్నది అంకెలే చెప్పాలి.

ట్రాన్స్‌ఫర్ కేస్‌లో హై, లో అని రెండు రేంజిలు. దాని నిష్పత్తి హైలో 1.409, లోలో 2.268. యాక్సిల్ నిష్పత్తి 3.727. రెండూ గుణిస్తే హైలో 5.25, లోలో 8.45 వస్తుంది. లీఫ్ తన సొంత బండిలో 8కి కాస్త అటు ఇటుగా ఉన్న ఒకే నిష్పత్తితో నడుస్తుంది. అంటే సియెర్రా లో రేంజి దాదాపు లీఫ్ గేరే. హై అంతకన్నా పొడవైన గేరు.

పాత ఇంజిన్ గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 100 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు 3.652, రెండవది 1.947. అప్పుడు హైలో చక్రాల దగ్గరికి చేరే టార్క్ మొదటి గేరులో 1,918, రెండవ గేరులో 1,022. లీఫ్ మోటారు గరిష్ఠ టార్క్ 254. గేరుబాక్సు లేకుండానే హైలో 1,334, లోలో 2,147 వస్తుంది. హైలో ఇది పాత బండి ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య ఉంది. అదీ సున్నా వేగం నుంచే. లోలో పాత బండి హై ఒకటో గేరును మించింది.

ఇక వేగం. టైరు చుట్టుకొలత 2.17 మీటర్ల దగ్గర. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హైలో మోటారు నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంది. ఆ మోటారు 10,000 దాటి తిరగగలది. కాబట్టి వేగం వైపు కూడా ఇబ్బంది లేదు.

ఆ టార్కుకు ట్రాన్స్‌ఫర్ కేస్ ఆగుతుందా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. పాత బండిలో ఒకటో గేరులో ఆ పెట్టెలోకి వచ్చే టార్క్ 100 ఇంటూ 3.652, అంటే 365. మోటారు ఇచ్చేది 254 మాత్రమే. లో ఒకటో గేరులో యాక్సిళ్లు 3,000కు పైగా చూశాయి, ఇప్పుడు 2,147 చూస్తాయి. సుజుకీ ఇంజినీర్లు ఈ పళ్లకు ఇచ్చిన బలం లోపలే మనం ఉన్నాము. గేరుబాక్సు, క్లచ్ పోతే బరువు తగ్గుతుంది, బోలెడు చోటు మిగులుతుంది, నూనె కారే సీళ్లు తగ్గుతాయి. రివర్స్ గేరు కూడా వద్దు, మోటారే వెనక్కి తిరుగుతుంది.

పెద్దాయనకు ఈ లెక్క నచ్చింది గాని అనుమానం పోలేదు.

"గేర్లన్నీ తీసేస్తే మా పై తోట దారి ఎక్కుతుందా అండీ? వానాకాలం అక్కడ ట్రాక్టరే ఆగిపోతుంది."

"ఎక్కుతుందండీ. కాకపోతే ఆ దారి మొదట్లో ఆగి లోలో వేసుకోవాలి. పైకి వెళ్లాక మళ్లీ హై."

ఆయన కోసం ఆ వాలు కొలిచాము. నాలుగు మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు పైకి లేచే చోటు ఒకటి ఉంది. మనుషులతో, సామానుతో 1,350 కిలోల బండి ఆ వాలు ఎక్కాలంటే చక్రాల దగ్గర దాదాపు 1,100 న్యూటన్ మీటర్లు, మెత్తటి నేల మీద ఇంకాస్త కావాలి. మోటారు పూర్తి టార్క్ ఇస్తే హైలో బొటాబొటి, లోలో సుఖంగా సరిపోతుంది. లో వేయమనడానికి టార్క్ ఒక్కటే కారణం కాదు. ఏటవాలులో బండి కదలకుండా యాక్సిలరేటర్‌తో పట్టి ఉంచితే మోటారు తిరగదు, కరెంటంతా ఒకటి రెండు ఫేజుల్లోనే నిలిచిపోతుంది. ఇన్వర్టర్‌లోని ఆ ట్రాన్సిస్టర్లు మిగతావాటి కన్నా త్వరగా వేడెక్కుతాయి. పొట్టి గేరులో అంతే బలానికి తక్కువ కరెంటు చాలు.

బ్యాటరీ విప్పడం

ఇక్కడ తొందర పనికిరాదు. లీఫ్ ప్యాకు పూర్తి ఛార్జ్‌లో 395 వోల్టుల దగ్గర ఉంటుంది. మధ్యలో సర్వీస్ ప్లగ్ ఉంటుంది. దాన్ని లాగి కనీసం 10 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత కేబుళ్ల దగ్గర మీటరుతో సున్నా చూశాకే చేయి పెట్టాలి. ప్లగ్ లాగగానే ప్యాకు చచ్చిపోయిందనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ప్లగ్ ప్యాకును రెండుగా విడదీస్తుంది, అంతే. పెట్టె మూత తీశాక లోపల ఒక్కో సగంలో 190 వోల్టులకు పైగా అలాగే ఉంటుంది. 1,000 వోల్టుల రబ్బరు చేతి తొడుగులు, వాటి మీద తోలు తొడుగులు, ఇన్సులేషన్ ఉన్న పనిముట్లు, ఒంటి మీద ఉంగరం గొలుసు లేకుండా, పక్కన ఇంకో మనిషి ఉండగానే మా షాపులో మూత తెరుస్తాము. ముందుగా మాడ్యూళ్లను కలిపే లోహపు పట్టీలు, అంటే బస్‌బార్లు తీసి ప్యాకును చిన్న చిన్న ముక్కలుగా విడగొడతాము. వోల్టేజీ తగ్గిన కొద్దీ పని తేలిక అవుతుంది.

లోపల 48 మాడ్యూళ్లు. ఒక్కొక్కటి 3.8 కిలోలు, అందులో నాలుగు సెల్స్, రెండేసి జతలు. బయటికి మూడు టెర్మినల్స్. మధ్యది రెండు జతల నడుమ వోల్టేజీ చూసుకోవడానికి. వెనక సీటు కింద 24 మాడ్యూళ్లు ఒకే గుత్తిగా, చివర్ల బలమైన పలకలతో బిగించి ఉంటాయి. మిగతా 24 ముందు వైపు చిన్న చిన్న దొంతరల్లో ఉంటాయి. ఆ పెద్ద గుత్తిని విప్పకుండా ఎత్తి సియెర్రా వెనక సీటు ఉన్న చోట కొత్త ఉక్కు పెట్టెలో పెట్టాము. ఈ సెల్స్ వాడే కొద్దీ ఉబ్బే స్వభావం ఉన్నవి. కంపెనీ బిగింపును చెడగొట్టకుండా ఉంచడమే మంచిది. ముందు 24 కోసం ఇంజిన్ ముందు భాగం ఉన్న చోట ఇంకో పెట్టె చేసి, ఇరువైపులా మందపాటి పలకలతో అలాగే బిగించాము. బండి ఇక ఇద్దరు కూర్చునేదే. ఆయనకు అది చాలు.

అనుమానం ఉన్న మాడ్యూల్‌ను తేల్చడానికి ప్రతి మాడ్యూల్‌నూ ఒకే స్థాయికి ఛార్జ్ చేసి, ఒకే కరెంటుతో, ఒకే కింది వోల్టేజీ వరకు ఖాళీ చేసి ఎంత ఇచ్చిందో రాసుకున్నాము. యాప్ చూపించినదే నిజమైంది. దాని స్థానంలో అంతే అరిగిన మరో లీఫ్ మాడ్యూల్ వేశాము. కొత్తది వేస్తే ఇంకా మంచిది కదా అని కొందరు అడుగుతారు. సిరీస్‌లో ఉన్న ప్యాకుకు బలహీనమైన జతే హద్దు. ఒక్క బలమైన మాడ్యూల్ వల్ల ఏమీ పెరగదు, పైగా దాని వోల్టేజీ నడక వేరుగా ఉండి బ్యాటరీ నియంత్రణ బోర్డును తికమక పెడుతుంది.

అన్నిటినీ కలిపే ముందు ఒకే వోల్టేజీకి తీసుకురావడం తప్పనిసరి. లీఫ్ బోర్డుకు సెల్స్‌ను సమం చేసే శక్తి కొన్ని మిల్లీ ఆంపియర్లే. మనం వదిలేసిన తేడాను సరిచేయడానికి దానికి వారాలు పడుతుంది. ఇక ఆ బోర్డు నుంచి 96 జతలకు వెళ్లే సన్నని తీగలు. రెండు పెట్టెలు అయినందున కొన్నిటిని పొడిగించాల్సి వచ్చింది. బోర్డుకు ప్లగ్ పెట్టే ముందు ప్రతి పిన్నుకూ దాని పక్క పిన్నుకూ మధ్య వోల్టేజీ క్రమంగా కొలవాలి. ఒక్క తీగ స్థానం మారినా బోర్డు కాలిపోతుంది. ఈ కొలత విసుగు పుట్టిస్తుంది గాని దీన్ని ఇద్దరితో చేయిస్తాను, ఒకరు చదవడం, ఒకరు రాయడం.

సర్వీస్ ప్లగ్‌ను రెండు పెట్టెల మధ్య కేబుల్‌లో, డ్రైవరు సీటు వెనక చేతికి అందేలా పెట్టాము. విద్యుత్ పరంగా అది కంపెనీ పెట్టిన చోటే. దాన్ని లాగితే రెండు పెట్టెలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడిపోతాయి. గుద్దుకున్నప్పుడు కాంటాక్టర్లకు (బ్యాటరీని బండికి కలిపే పెద్ద రిలేలకు) కరెంటు ఆపేసే ఇనర్షియా స్విచ్ కూడా కొత్తది పెట్టాము.

కాంటాక్టర్ల గురించి ఒక మాట. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే కాంటాక్టర్లు నిండు కరెంటు మీదే తెరుచుకొని ఉండవచ్చు. అలాంటప్పుడు వాటి ముఖాలు మాడి అతుక్కుపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే కాయిల్‌కు కరెంటు ఇచ్చినప్పుడు, తీసినప్పుడు కాంటాక్టుల నిరోధాన్ని మీటరుతో చూడకుండా పాత జంక్షన్ బాక్స్‌ను వాడను. ఇవి బాగున్నాయి.

మోటారు, షాఫ్ట్

మోటారు సుమారు 56 కిలోలు. దాని మీద ఇన్వర్టర్‌ను విడదీయకుండా ఉంచాము, ఎందుకంటే మూడు ఫేజుల బస్‌బార్లు నేరుగా మోటారులోకి దిగుతాయి. పై పీడీఎంను మాత్రం తీసి ఫైర్‌వాల్ (బానెట్ కింది చోటుకూ కేబిన్‌కూ మధ్య గోడ) పక్కన పెట్టి పొట్టి కేబుళ్లతో కలిపాము. అలా కాకపోతే బానెట్ మూయబడదు.

మోటారు షాఫ్ట్ పళ్లకు సరిపోయే భాగాన్ని కొత్తగా చెక్కించడం ఖరీదైన పని. లీఫ్ సొంత గేరుపెట్టె, అంటే రిడ్యూసర్ మనకు అక్కర లేదు కదా, దాని ఇన్‌పుట్ షాఫ్ట్ కోసి ఆ పళ్ల భాగాన్నే వాడుకున్నాము. లేత్ మీద దానికి ఫ్లాంజ్ చేసి, మోటారు ముఖానికి బిగించిన పలకలో వేరే బేరింగ్ పెట్టి అందులో తిప్పాము. ఈ బేరింగ్ వదిలేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊపు, పక్క బరువు అన్నీ మోటారు సొంత బేరింగ్ మీద పడతాయి. ఆ బేరింగ్ రిడ్యూసర్‌తో కలిసి తిరగడానికి పెట్టినది, ఊగే షాఫ్ట్‌ను మోయడానికి కాదు. షాఫ్ట్‌లో జారే స్ప్లైన్ ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్ తన రబ్బరు మౌంట్ల మీద కదిలినప్పుడు మోటారును ముందుకు తోయదు. రెండు చివర్ల జాయింట్ల కోణాలు సమానంగా ఉండేలా మోటారును వంచి అమర్చాము. పొడవైన షాఫ్ట్‌ను బ్యాలెన్స్ చేయించాము. పెట్రోలు ఇంజిన్ చప్పుడులో వినపడని వణుకు విద్యుత్ బండిలో చెవికి తగులుతుంది.

స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచే వస్తుంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. పెట్రోలు ముల్లు ఇప్పుడు బ్యాటరీ శాతం చూపిస్తుంది.

ఇన్వర్టర్ మాట వినేలా చేయడం

లీఫ్ ఇన్వర్టర్ తన బండి కంప్యూటర్ నుంచి క్యాన్ తీగ (బండిలోని బోర్డులు మాట్లాడుకునే తీగల జత) మీద వచ్చే సందేశాలతో నడుస్తుంది. పాత కంప్యూటర్‌ను తెచ్చి పెడితే అది బండిలోని మిగతా బోర్డులన్నిటినీ వెతుకుతుంది, బ్రేకుల బోర్డు లేదని, తాళం బోర్డు లేదని ఆగిపోతుంది. దీనికి మంచి మార్గం ఓపెన్‌సోర్స్ సమూహం చూపించింది. జర్మనీకి చెందిన యోహానెస్ హ్యూబ్నర్ మొదలుపెట్టిన ఓపెన్‌ఇన్వర్టర్, ఐర్లండ్‌లోని డేమియన్ మగ్వైర్ చేసిన పనుల నుంచి వచ్చిన జాంబీవర్టర్ అనే నియంత్రణ బోర్డును వాడాము. లీఫ్ ఇన్వర్టర్, పీడీఎం, బ్యాటరీ బోర్డు భాష దానికి తెలుసు. ఈ మనుషులు తమ పరిశోధనను దాచుకోకుండా బయటపెట్టడం వల్లే మాలాంటి చిన్న షాపులు ఈ పని చేయగలుగుతున్నాయి. వాళ్లకు నా కృతజ్ఞతలు.

ఆ భాషలో ఒక్కటి చెబుతాను. ఎంత టార్క్ కావాలో చెప్పే సందేశం 10 మిల్లీసెకన్లకు ఒకసారి వెళ్లాలి. ప్రతిసారీ అందులో ఒక వరుస సంఖ్య, చివర తప్పు పట్టే సంకేతం ఉండాలి. సందేశం ఆగిపోయినా, అదే సంఖ్యతో తిరిగి వచ్చినా ఇన్వర్టర్ టార్క్ ఆపేస్తుంది. కంపెనీ పెట్టిన ఈ రక్షణ మన మార్పిడి బండిలోనూ అలాగే పనిచేస్తుంది. చౌక మోటారు కంట్రోలర్‌కు ఒక పొటెన్షియోమీటర్ తగిలించి నడిపే బండ్లలో ఇది ఉండదు. యాక్సిలరేటర్ పెడల్ కూడా లీఫ్‌దే పెట్టాము. అందులో రెండు వేర్వేరు సెన్సర్లు ఉంటాయి. రెండూ ఒకే మాట చెప్పకపోతే బోర్డు టార్క్ ఇవ్వదు.

శక్తిని హైలో 50 కిలోవాట్లకు, టార్క్‌ను 200కు పరిమితం చేశాము. పాత ఇంజిన్ 47 కిలోవాట్లది. మోటారు 80 ఇవ్వగలదు గాని, వెనక డ్రమ్ బ్రేకులు, పొట్టి వీల్‌బేస్ ఉన్న ఈ బండికి అంత ఎందుకు? 70 శాతం మిగిలిన బ్యాటరీకి కూడా ఇదే మేలు.

తడి రాత్రి తర్వాత పడిపోయిన ఇన్సులేషన్

అన్నీ కలిపి, బండి షాపు ఆవరణలో సాఫీగా తిరిగాక వచ్చిన చిక్కు ఇది. వివరంగా చెబుతాను, ఎందుకంటే పాత భాగాలతో పనిచేసే ప్రతివాడికీ ఏదో ఒక రూపంలో ఇది ఎదురవుతుంది.

అధిక వోల్టేజీ తీగలు బాడీకి ఎక్కడా అంటకూడదు. వాటికీ బాడీకీ మధ్య కనీసం ఎంత నిరోధం ఉండాలి అన్నదానికి వోల్టుకు 500 ఓమ్‌లు అనే కొలత ఉంది. 400 వోల్టులకు 2 లక్షల ఓమ్‌లు. మేము పెట్టిన ఇన్సులేషన్ మానిటర్ పొడి రోజుల్లో మెగా ఓమ్‌లలో చూపించేది. ఒక తడి రాత్రి బండి బయట ఉంది. ఉదయం తాళం తిప్పగానే లక్షన్నర ఓమ్‌ల దగ్గర హెచ్చరిక ఇచ్చి కాంటాక్టర్లు మూయనివ్వలేదు. మధ్యాహ్నం ఎండకు అదే మళ్లీ మామూలు అయింది. వచ్చి పోయే లోపం కన్నా మొండి లోపం నయం.

ఇలాంటప్పుడు ఊహించి భాగాలు మార్చడం దండగ. సర్వీస్ ప్లగ్ లాగి, బ్యాటరీని వేరు చేసి, మిగతా భాగాలను ఒక్కొక్కటిగా ప్లగ్ తీసి ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో బాడీకి కొలిచాము. బ్యాటరీ నియంత్రణ బోర్డు తగిలి ఉన్న వైపు మెగ్గర్ పెట్టకూడదు, ఆ వోల్టేజీ బోర్డును చంపుతుంది. ఎండాక కొలిస్తే లోపం కనపడదు కాబట్టి తడి ఆరకముందే పొద్దున్నే కొలిచాము. మోటారు, ఇన్వర్టర్ బాగున్నాయి. పీడీఎం బాగుంది. కేబిన్ హీటర్ దగ్గర ముల్లు పడిపోయింది.

లీఫ్ కేబిన్ హీటర్ నేరుగా అధిక వోల్టేజీతో వేడెక్కే పీటీసీ (వేడెక్కిన కొద్దీ నిరోధం పెరిగే) పలకల గుత్తి. గాలి దాని రెక్కల మధ్య నుంచి వెళ్తుంది. సియెర్రా పాత హీటర్ పెట్టెలో దాన్ని అమర్చాము. దాత కారు, అంటే మేము కొన్న లీఫ్, యార్డులో ఉన్నప్పుడు దాని వెనక అద్దం పగిలి ఉంది. వాన నీళ్లు, ఆకుల పొడి లోపలికి చేరాయి. రెక్కల సందుల్లో పేరుకున్న సన్నని దుమ్ము తేమ పీల్చుకుని టెర్మినల్ నుంచి ఫ్రేముకు దారి వేసింది. ఓవెన్‌లో మెల్లగా ఆరబెట్టి కొలిస్తే 2 మెగా ఓమ్‌లు చూపించింది. అంకెల ప్రకారం పాసైనట్టే. అయినా దాన్ని పక్కన పడేసి కొత్తది వేశాము. ఆరబెడితేనే పాసయ్యే భాగం పాసైనట్టు కాదు. ఈ బండి వానలో, తోట తేమలో బతకాలి.

ఆ తర్వాత నీళ్ల గొట్టంతో బండి కింద, బానెట్ లోపల తడిపి, రాత్రంతా ఉంచి మళ్లీ కొలవడం మా షాపులో నియమం అయింది. మెగా ఓమ్‌లు తగ్గలేదు.

పాతవి వాడనివి కొన్ని ఉన్నాయి. బ్రేకు గొట్టాలు, ప్యాడ్లు, కూలెంట్ గొట్టాలు, సీటు బెల్టులు, డీసీకి తగిన ఫ్యూజులు. వీటిలో ఆదా అయ్యే డబ్బు చిన్నది, పోయేది పెద్దది.

బ్రేకులు, రీజెన్

ఇంజిన్ పోతే బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ పోతుంది. లీఫ్‌కు ఉన్నది కంప్యూటర్‌తో నడిచే బ్రేక్ బూస్టర్, దాన్ని ఈ బండికి తగిలించడం వివేకం కాదు. విద్యుత్ వాక్యూమ్ పంపు, చిన్న రిజర్వాయర్, ఒత్తిడి స్విచ్, వాక్యూమ్ తగ్గితే వెలిగే దీపం పెట్టాము. పంపు ఆగినా రెండు మూడు సార్లు గట్టిగా బ్రేకు వేసేంత వాక్యూమ్ రిజర్వాయర్‌లో మిగలాలి. దాన్ని పంపు తీగ పీకి పరీక్షించాము.

రీజెన్ అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపడం. ఆ విషయంలో ఈ బండికి ప్రత్యేక జాగ్రత్త అవసరం. మామూలుగా సియెర్రా వెనక చక్రాలతోనే నడుస్తుంది. అంటే రీజెన్ కూడా వెనక చక్రాల మీదే. యాంటీలాక్ బ్రేకులు లేవు. తడి గడ్డి మీదో కంకర మీదో దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే, రీజెన్ గట్టిగా ఉంటే వెనక చక్రాలు జారి బండి అడ్డం తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకు లాగినట్టే. లీఫ్ ముందు చక్రాల బండి కాబట్టి దానికి ఈ బెడద లేదు, దాని అమరికలను గుడ్డిగా దింపుకోకూడదు. రెండు చక్రాల్లో ఉన్నప్పుడు రీజెన్‌ను కొద్దిగానే ఉంచి, నాలుగు చక్రాలు కలిపితే బోర్డుకు తెలిసేలా ట్రాన్స్‌ఫర్ కేస్ మీది స్విచ్ నుంచి తీగ లాగాము. అప్పుడు రీజెన్ పెరుగుతుంది. కొండ దిగేటప్పుడు పెద్దాయనకు ఇదే అన్నిటికన్నా నచ్చింది. పెడల్ బ్రేకు దాదాపు ముట్టుకోకుండానే దిగుతున్నారు.

బండి ఎంత దూరం వెళ్తుంది అన్నదానికి జవాబు దాని ఆకారంలో ఉంది. పెట్టెలాంటి బాడీ, నిటారు అద్దం. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర కిలోమీటరుకు 150 నుంచి 160 వాట్ అవర్లు, 100 దగ్గర 200 పైన. కాబట్టి 80లో నడిపితే 90 కిలోమీటర్ల దాకా, 100లో 70. రాత్రి ఇంట్లో ప్లగ్ పెడితే లీఫ్ సొంత ఛార్జరే 3 కిలోవాట్ల చొప్పున తెల్లారేసరికి నింపుతుంది.

న్యూజిలాండ్‌లో అనుమతి

ఇక్కడ ఇలాంటి మార్పిడిని రోడ్డు మీదికి తేవాలంటే తక్కువ సంఖ్యలో తయారయ్యే వాహనాల సాంకేతిక సంఘం, అంటే ఎల్‌వీవీటీఏ, నియమాల ప్రకారం సర్టిఫైయర్ చూడాలి. విద్యుత్, హైబ్రిడ్ వాహనాలకు 75-00 అనే ప్రమాణం ఉంది. పని అయ్యాక సర్టిఫైయర్‌ను పిలవకూడదు, పని మొదలుకాకముందే పిలవాలి. బ్యాటరీ పెట్టెల బిగింపు, వెల్డింగ్, కేబుల్ దారులు ఆయన ముందే చూస్తే తర్వాత విప్పే పని ఉండదు. మా డ్రాయింగులు, మాడ్యూళ్ల కొలతలు, ఇన్సులేషన్ అంకెలు అన్నీ ఫైలులో పెట్టి ఇచ్చాము. బండికి ఇప్పుడు ఆ సంఘం పలక ఉంది. ఇంధనం రకం మారినందున, 2024 ఏప్రిల్ 1 నుంచి తేలికపాటి విద్యుత్ వాహనాలన్నిటికీ వర్తించే రోడ్డు వాడకపు రుసుము, 1,000 కిలోమీటర్లకు 76 డాలర్లు, దీనికీ పడుతుంది. దాన్ని యజమానికి ముందే చెప్పాలి.

జిప్సీ ఉన్నవాళ్లకు

ఆంధ్ర, తెలంగాణల నుంచి జిప్సీ యజమానులు ఇదే పని అక్కడ చేయవచ్చా అని అడుగుతుంటారు. యాంత్రికంగా చూస్తే జిప్సీ కూడా ఇదే కుటుంబం, ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగానే ఉంటుంది. గేరుబాక్సు లేకుండా నడిపే లెక్క దానికీ వేసుకోవచ్చు, మీ బండి నిష్పత్తులు, టైరు చుట్టుకొలత పెట్టి. భారత సైన్యం కూడా విద్యుత్తుకు మార్చిన జిప్సీని 2023 ఏప్రిల్‌లో ఢిల్లీలో కమాండర్ల సదస్సులో ప్రదర్శించింది. ఐఐటీ ఢిల్లీ అందులో భాగస్వామి.

చట్టం మాత్రం వేరు. భారతదేశంలో మార్పిడి కిట్‌కు ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. ఆమోదం పొందిన కిట్‌ను అనుమతి ఉన్న చోటే బిగించి ఆర్‌సీలో మార్పు రాయించుకోవాలి. ప్రమాదపు కారు నుంచి తీసిన భాగాలతో ఒకే ఒక్క బండిగా చేసినదానికి ఆ దారి లేదు. అందువల్ల రోడ్డు మీద తిప్పాలనుకుంటే ఆమోదం ఉన్న కిట్ కొనండి. పొలం లోపల, ఫ్యాక్టరీ ఆవరణలో, ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో నేర్చుకోవడానికి అయితే ఇదే పద్ధతి పనికివస్తుంది, బ్యాటరీ మూత తెరిచే చోట శిక్షణ పొందిన మనిషి ఉన్నంత వరకు. అక్కడ లీఫ్ అమ్మలేదు కాబట్టి దాత కారు వేరేది అవుతుంది. అది ఏదైనా సరే, దాని ఇన్వర్టర్, బ్యాటరీ బోర్డు క్యాన్ సందేశాలు ఎవరైనా ఇప్పటికే విప్పి బయటపెట్టారా అన్నది డబ్బు కట్టకముందే చూసుకోండి. విప్పకపోతే ఆ పని మీ నెత్తిన పడుతుంది, మిగతా అంతా కలిపినా అంత సమయం తీసుకోదు.